పళ్ళూ పప్పులూ కలిపిన కోడి సలాడ్



ఎండాకాలం వచ్చిందంటే మన పొన్నూరు వైపు వంటింటి సంగతి వేరే చెప్పాలా? పొద్దున్న పదకొండు కాకుండానే పొయ్యి దగ్గర నిలబడలేం. ఆదివారం వస్తే పిల్లలు మాత్రం "అమ్మా, కోడికూర" అనడం మానరు. మసాలా నూరి, ఉల్లిపాయలు వేయించి, కూర దగ్గర పడేదాకా కలియబెట్టేసరికి మనకి తినే ఓపిక ఉండదు. అంచేత ఈ వేళ పొయ్యి దగ్గర అరగంటకన్నా ఎక్కువ పని లేని వంటకం ఒకటి చెబుతాను. ఉడికించిన కోడిమాంసంలో పళ్ళూ, జీడిపప్పూ, గట్టి పెరుగూ కలిపి చల్లగా తినే సలాడ్.

సలాడ్ అనగానే "అదేదో పెద్ద హోటళ్ళ తిండి, మనకెందుకులే" అనుకోకండి. హోటల్లో పుట్టిన మాట కొంత నిజమే. న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో 1890లలో యాపిల్ ముక్కలు కలిపి చేసిన సలాడ్ ఆ హోటలు పేరుతోనే లోకమంతా తిరిగింది. అక్రోటు పప్పులు దానిలో తరువాత వచ్చి చేరాయి. 1953లో ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం విందుకి చల్లని కోడిమాంసంలో మన కూరపొడి లాంటి మసాలా, ఆప్రికాట్ పండు గుజ్జు కలిపి ఒక వంటకం చేశారు. దాన్ని అక్కడ ఇప్పటికీ చేసుకుంటున్నారు. అంటే కోడికీ పండుకీ పొత్తు కొత్తది కాదన్నమాట. ఆ మాటకొస్తే ఇది మన పెరుగుపచ్చడికి దూరపు చుట్టమే. ఆవ పెట్టిన పెరుగులో దోసకాయ ముక్కలు కలుపుకునే మనకి ఇదేమంత వింత?

అయితే ఒక్క తేడా ఉంది. ఈ వేళ నేను మాట్లాడాలనుకున్నది అసలు దాని గురించే. మన కోడికూర పొయ్యి మీంచి దిగి వేడి వేడిగా కంచంలోకి వస్తుంది. తరిగేటప్పుడు చేతి వల్లో, కత్తిపీట వల్లో ఏ సూక్ష్మజీవి అంటుకున్నా ఉడికే వేడికి చాలావరకు చచ్చిపోతుంది. సలాడ్‌కి ఆఖర్న నిప్పు తగలదు. కలిపాక అంటుకున్నది అంటుకున్నట్టే ఉంటుంది. అందుకని నిప్పు చేసే కాపలా మనమే చెయ్యాలి.

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. కొన్నేళ్ళ కిందట మే నెలలో మా అమ్మాయి పుట్టినరోజు వచ్చింది. సాయంత్రం హడావిడి ఉండకూడదని పొద్దున్నే మాంసం ఉడికించి, పదకొండింటికల్లా అన్నీ కలిపేశాను. ఫ్రిజ్‌లో చోటు లేదు, దాని నిండా కేకూ, పాల గిన్నెలూ. సలాడ్ గిన్నె మీద జాలీ మూత పెట్టి బల్ల మీదే ఉంచాను. మధ్యాహ్నం కరెంటు కూడా పోయింది. అయిదు గంటలకి పిల్లలొచ్చారు. వాసన చూశాను, బాగానే ఉంది. రుచి చూశాను, బాగానే ఉంది. వడ్డించాను. మా ఆడబిడ్డ కొడుకు, అయిదేళ్ళవాడు, "అత్తా, ఇంకొంచెం" అని రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు.

అర్ధరాత్రి నుంచి వాడికి వాంతులూ, విరేచనాలూ. తెల్లవారేసరికి కళ్ళు లోతుకు పోయాయి. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. డాక్టరుగారు "ఏం పెట్టారు?" అని అడుగుతారనుకున్నాను. ఆయన "వండి ఎంతసేపయింది?" అని అడిగారు. లెక్కపెడితే కలిపిన దగ్గరనుంచే ఆరు గంటలు! మా ఆడబిడ్డ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకే ఆ రెండు రోజులూ ముద్ద దిగలేదు.

ఆ తరువాత తెలుసుకున్న సంగతులు మీకూ చెబుతాను. వండిన పదార్థంలో సూక్ష్మజీవులు బాగా పెరిగేది సుమారు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. మన వేసవి మధ్యాహ్నం వంటిల్లు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. అందుకే వండిన మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదంటారు. గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఇంకో సంగతి. జబ్బు చేసే సూక్ష్మజీవులన్నీ వాసన మార్చవు, రుచి మార్చవు. మన ముక్కు మీద నమ్మకం పెట్టుకుంటే లాభం లేదు. పోనీ మళ్ళీ వేడి చేద్దామా అంటే, కొన్ని సూక్ష్మజీవులు విడిచిన విషం మరిగించినా పోదు. కాబట్టి గడియారాన్నే నమ్ముకోవాలి.

ఇక చేసే పద్ధతి. నలుగురికి సరిపడే కొలతలు చెబుతాను, కాగితం, కలం తీసుకోండి.

ఎముక లేని కోడి రొమ్ము మాంసం అరకిలో. అర లీటరు పెరుగు. ఒక యాపిల్. గింజలు లేని ద్రాక్షపళ్ళు ఓ పాతిక. సగం దానిమ్మకాయ. ఒక కీర దోసకాయ. జీడిపప్పు పదిహేను బద్దలు, వేరుశనగ గుళ్ళు గుప్పెడు. నిమ్మకాయ ఒకటి, పచ్చిమిరపకాయ ఒకటి, మిరియాల పొడి అర చెమ్చా, ఆవపొడి పావు చెమ్చా, పంచదార అర చెమ్చా, కాస్త కొత్తిమీర, ఉప్పు తగినంత.

మాంసానికి నాటుకోడి వద్దు. పులుసుకి దాన్ని మించింది లేదు గానీ, ఉత్త నీళ్ళలో ఉడికిస్తే నారలా సాగుతుంది. దీనికి బ్రాయిలర్ కోడే మేలు. 1971లో డాక్టర్ బి.వి. రావుగారు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన దగ్గరనుంచి కోళ్ళ పెంపకం మన దేశంలో పెద్ద పరిశ్రమగా ఎదిగింది. ఆరేడు వారాల లేత కోడి కాబట్టి ఇట్టే ఉడుకుతుంది.

ముందు రోజు రాత్రే పెరుగుని పల్చని బట్టలో మూటగట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. గోడకి మేకు కొట్టి వేలాడదీస్తే ఈ ఎండలకి పులిసిపోతుంది. తెల్లవారేసరికి వెన్నలాంటి గట్టి పెరుగు దిగుతుంది.

"మయోనైజ్ వెయ్యరా?" అంటారేమో. ఇంట్లో చేసే మయోనైజ్‌లో పచ్చి గుడ్డు సొన పడుతుంది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే ప్రమాదం ఉంది. ఈ కారణంగానే పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ని 2023లో కేరళ ప్రభుత్వం నిషేధించింది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధం పెట్టింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే పని చేసింది. ప్రభుత్వాలే అంత దూరం ఆలోచించాయంటే మన వంటింట్లో ఆ సాహసం ఎందుకు చెప్పండి? గట్టి పెరుగులో ఆవపొడి, నిమ్మరసం కలిపితే ఆ రుచికి దగ్గరగానే వస్తుంది.

ఇప్పుడు మాంసం. కుళాయి ధారగా విప్పి పచ్చి మాంసం కడిగితే ఆ తుంపరలు గట్టు మీదికీ, పక్కనున్న కూరగాయల మీదికీ చిందుతాయి. అసలు కడగనే వద్దని ఆహార నిపుణులు చెబుతున్నారు, ఎలాగూ ఉడికే వేడికి సూక్ష్మజీవులు చస్తాయి కనుక. మనకి కడగందే మనసొప్పదనుకోండి, గిన్నెలో నీళ్ళు పోసి చిందకుండా కడిగి, ఆ నీళ్ళు మెల్లగా పారబోసి, సింకూ చేతులూ సబ్బుతో రుద్ది కడుక్కోండి. మాంసం కోసిన కత్తిపీటతో, చెక్కతో పళ్ళు తరగకూడదు. రెండో చాకు లేకపోతే పళ్ళూ కీరా ముందు తరిగి ఫ్రిజ్‌లో పెట్టేసి, ఆ తరువాతే మాంసం ముట్టుకోండి.

వెడల్పు గిన్నెలో ముక్కలు మునిగేటన్ని నీళ్ళు పోసి, ఉప్పు, చితగ్గొట్టిన అల్లం ముక్క, ఎనిమిది మిరియాలు, ఒక బిర్యానీ ఆకు వెయ్యండి. మరగగానే మాంసం వేసి, మంట తగ్గించి, మూతపెట్టి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఉంచండి. తెర్లే మంట మీద పెడితే బిరుసెక్కిపోతుంది. అన్నిటికన్నా మందంగా ఉన్న ముక్కని మధ్యకి కోసి చూడండి. లోపల గులాబీ రంగు కనిపించకూడదు, ఊరే రసం తేటగా ఉండాలి. వంట థర్మామీటరు ఉన్నవారికి గుర్తు, లోపల 74 డిగ్రీలు రావాలి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, మిరియాల పొడి చల్లి వేడి వేడిగా సూపులా తాగొచ్చు.

మాంసం తీసి శుభ్రమైన వెడల్పు పళ్ళెంలో పరవండి. పచ్చి మాంసం పెట్టిన పళ్ళెం మాత్రం వద్దు. ఫ్యాను కింద ఆవిరి పోగానే, అంటే అరగంటలోపు, మూతపెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి. లోతు గిన్నెలో కుప్పగా పోస్తే నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది.

పళ్ళ సంగతి. యాపిల్ ముక్కలు గాలి తగిలితే నల్లబడతాయి, తరగగానే నిమ్మరసం పట్టించండి. ద్రాక్షపళ్ళు కడిగి బట్టతో తడి లేకుండా తుడవండి, లేకపోతే పెరుగు నీరు కారుతుంది. కీరలో గింజలు తీసేసి, ముక్కలకి చిటికెడు ఉప్పు రాసి, పది నిమిషాలయ్యాక గట్టిగా పిండండి. అనాసపండు ఇష్టమైతే వేసుకోవచ్చు గానీ పచ్చిది వద్దు. మాంసం మెత్తబడడానికి మనం పచ్చి బొప్పాయి వేస్తామే, అలాంటి గుణమే అనాసలోనూ ఉంది. మాంసాన్ని పిప్పి చేస్తుంది, పెరుగుని చేదు చేస్తుంది. ముక్కల్ని కాసిని నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు ఉడికిస్తే ఆ గుణం పోతుంది.

పప్పులకి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న వేటపాలెం జీడిపప్పుకి పేరు పడ్డ ఊరే కదా! జీడిపప్పు సన్నని సెగ మీద దోరగా వేయించండి. వేరుశనగ గుళ్ళు వేయించి పొట్టు తీసి, ముడుచుకుపోయినవీ, బూజు పట్టినవీ, చేదుగా ఉన్నవీ ఏరి పారెయ్యండి. ఆ బూజులో కాలేయానికి చెరుపు చేసే విషం ఉండొచ్చు. అయిదేళ్ళలోపు పిల్లలకి పప్పులు పొడి కొట్టి వెయ్యండి, ద్రాక్షపళ్ళు నిలువునా నాలుగు చీలికలు చెయ్యండి. అవి గొంతుకి అడ్డం పడే వస్తువులు. వేరుశనగ, జీడిపప్పు పడనివాళ్ళు కూడా కొందరుంటారు, చుట్టాలకి పెట్టేముందు ఒక్కమాట అడగండి.

కలపడం మాత్రం అందరూ కంచాల ముందు కూర్చున్నాకే. గట్టి పెరుగులో ఆవపొడి, మిరియాల పొడి, పంచదార, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, ఉప్పు కలిపి గిలక్కొట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం చిన్న ముక్కలు చేసి వెయ్యండి. తరువాత పళ్ళు, కీర. అన్నిటికన్నా ఆఖర్న పప్పులు, దానిమ్మ గింజలు, కొత్తిమీర. పప్పులు ముందే వేస్తే మెత్తబడి కరకరలాడవు. చేత్తో కలపకండి, గరిటె వాడండి.

మా అత్తగారు శనివారాలూ, కార్తీక మాసమూ మాంసం ముట్టరు. ఆవిడకి ఉడికించిన శనగలతో వేరే గిన్నెలో, వేరే గరిటెతో ఇలాగే కలుపుతాను. కోడిదానికన్నా ఇదే బాగుందంటారు. మీరు కూడా అందరూ తిన్నాక అడుగున మిగిలిన పెరుగుతో సరిపెట్టుకోకుండా, ముందే మీ వాటా తీసి పెట్టుకోండి. ఉడికిన రొమ్ము మాంసం వంద గ్రాముల్లో సుమారు 30 గ్రాముల మాంసకృత్తులుంటాయి. అవి మన ఒంటికీ అవసరమే.

మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ముగించండి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తియ్యకండి. మూసి ఉంచితే సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ఆఫీసు క్యారియరులో, ప్రయాణంలో ఈ సలాడ్ వద్దు. ఆ రోజుకి పులిహోర ఉండనే ఉంది.

మా ఆడబిడ్డ కొడుకు మొన్న సెలవులకి వచ్చాడు. ఇప్పుడు నాకన్నా పొడుగయ్యాడు. ఆ సలాడ్ చెయ్యమని వాడే అడిగాడు. వడ్డించి ఎదురుగా కూర్చుంటే, చెమ్చా చేత్తో పట్టుకుని, "అత్తా, కలిపి ఎంతసేపయింది?" అన్నాడు నవ్వుతూ. "రెండు నిమిషాలయిందిరా, తిను" అన్నాను.

మీ ఇంట్లోనూ ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడిగే అలవాటు చెయ్యండి. అడిగేవాళ్ళు లేకపోతే మీకు మీరే అడుగుకోండి.