కార్జానికే నేరుగా మందు: చేయించాలా, వద్దా?



చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతపు గ్రామాలలో రోగులను పరామర్శించడానికి వెళ్ళినప్పుడు కొన్ని ఇళ్ళలో మాకు ఎదురయ్యే ప్రశ్న ఇది: “కార్జానికి క్యాన్సర్ ముదిరిందన్నారు. ఆపరేషన్ కుదరదట. కార్జంలోకే మందు ఎక్కిస్తామంటున్నారు. పొలం అమ్మైనా చేయించాలా?” మన ప్రాంతంలో నేడు ఎకరం అమ్మడం తేలిక, తిరిగి కొనడం కల్ల. కనుక విషయం తెలుసుకొని నిర్ణయించుకోవాలి.

కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న భాగానికి సుమారు ముప్పాతిక వంతు రక్తం పేగుల వైపు నుండి వచ్చే సిర ద్వారా అందుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ముఖ్యంగా ధమని రక్తంతో పెరుగుతుంది. ఈ తేడాయే చికిత్సకు ఆధారం. గజ్జ దగ్గర లేక మణికట్టు దగ్గర రక్తనాళంలో సన్నని గొట్టం పెట్టి, ఎక్స్‌రేలో చూస్తూ గడ్డకు వెళ్ళే ధమని వరకు నడిపి, అక్కడే మందు వదులుతారు. కోత ఉండదు.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. మందు ఇచ్చి ధమనిని మూసివేయడం మొదటిది. దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందని 2002లో హాంకాంగ్, బార్సిలోనా వైద్యుల పరిశోధనలు చూపాయి. ధమనిలోకి గంటల తరబడి మందు ఎక్కించడం రెండవది. ఆపరేషన్‌కు వీలుకాని పెద్ద గడ్డలున్న రోగులపై చైనాలో జరిగి 2022లో వెలువడిన పరిశోధనలో, ఈ రెండవ పద్ధతి వారు సగటున 23 నెలలు, మొదటి పద్ధతి వారు 16 నెలలు జీవించారు.

ఒక మాట దాచకూడదు. ముదిరిన వ్యాధిని ఇది సాధారణంగా పూర్తిగా నయం చేయదు. కాలం పొడిగిస్తుంది. కామెర్లు ఎక్కువైనవారికి, పొట్టలో నీరు బాగా చేరినవారికి, మంచం పట్టినవారికి మేలుకంటే కీడే ఎక్కువ కావచ్చు. చికిత్స తరువాత కొన్నాళ్ళు జ్వరం, నొప్పి, వాంతులు ఉండవచ్చు.

కనుక డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. వ్యాధి కాలేయం దాటిందా? మిగిలిన కాలేయం ఈ మందును తట్టుకుంటుందా? ఎన్నిసార్లు చేయాలి, మొత్తం ఖర్చెంత? పొలం బేరం పెట్టకముందే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలోగాని, పంజాగుట్ట నిమ్స్‌లోగాని రెండవ అభిప్రాయం తీసుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఈ చికిత్సకు అది వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

చికిత్స వద్దన్నంత మాత్రాన రోగిని వదిలేసినట్టు కాదు. నొప్పి తగ్గించే మందులున్నాయి, ఆ సేవకు ఎం.ఎన్.జె.లో ప్రత్యేక విభాగం ఉంది. కడుపులో నీరు తీయించి ఊపిరి తేలిక చేయవచ్చు. పక్కన కూర్చొని ప్రార్థించేవారు, ఇంటివారికి ఒక రాత్రి నిద్ర దొరికేలా కాపలా ఉండేవారు సంఘంలో ఉండాలి.

ఇక బిడ్డల సంగతి. ఈ క్యాన్సర్‌కు ముఖ్య కారణాలలో హెపటైటిస్ బి ఒకటి. దాని టీకా పుట్టిన 24 గంటలలోపు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేస్తారు, తప్పక అడిగి వేయించండి. బూజు పట్టిన మక్కలు, పల్లీలు తినకండి. సారాయి మానండి. కుటుంబంలో ఒకరికి ఈ వ్యాధి వస్తే మిగిలినవారంతా హెపటైటిస్ రక్తపరీక్ష చేయించుకోండి. పొలం అమ్మే పని రాకుండా కాపాడేవి ఈ చిన్న జాగ్రత్తలే.