రోడ్డును తినేది చక్రం కాదు, నిలవ నీరు

తొలకరి పడిందంటే ఊళ్లో ఎవరి వీధి ఏదో రోడ్డే చెబుతుంది. కృష్ణా డెల్టాలో మేము తిరిగే పల్లెల్లో పెద్ద వీధి సిమెంటు రోడ్డు మీద నీళ్లు చకచకా జారిపోతాయి. అవన్నీ వచ్చి చేరేది దళితవాడ మొదట్లో. నాట్లకు పోయే ఆడకూలీలు చద్దిమూట నెత్తిన పెట్టుకుని, మోకాటి బురదలో నడవాలి. నొప్పులు పడుతున్న తల్లిని 108 బండి దాకా మంచం మీద మోసిన రాత్రి మేము మరిచిపోలేదు.

ఈ రోడ్డు ఎవరిది? పంచాయతీది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు చూపిన 29 విషయాల్లో రోడ్లు, కల్వర్టులు ఉన్నాయి. మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ఊరి రోడ్ల మరమ్మతు పంచాయతీ విధి అన్నది. అయితే 'తన నిధుల మేరకు' అని ఒక మాట తగిలించింది. కిటుకంతా ఆ మాటలోనే ఉంది.

నిధులు ఏపాటివి? వసూలైన ఇంటి పన్ను పారిశుధ్య కార్మికుల జీతాలకు, మోటారు బాగుకు సరిపోతే గొప్ప. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఇచ్చిన గ్రాంటులో 60 పాళ్లు తాగునీటికి, పారిశుధ్యానికే కట్టేశారు. మిగిలిన 40 పాళ్లలోనే రోడ్డూ, వీధి దీపమూ, తక్కినవన్నీ.

నిజానికి మరమ్మతుకు కోట్లు అక్కర్లేదు. మట్టి పని చేసే కూలీని అడిగితే చెబుతాడు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు నిలవాలంటే నడుమ ఎత్తుగా, తాబేలు డిప్పలా ఉండాలి. నీరు ఇటూ అటూ జారి పక్క కాలువలో పడాలి. మృగశిర రాకముందే తూముల్లో పూడిక తీయాలి. గుంటలో వదులు మట్టి చెక్కి, గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. వానలో ట్రాక్టరు మట్టి తెచ్చి గుమ్మరిస్తే అది మరమ్మతు కాదు, బురదకు బురద తోడు.

ఇది కూలి దొరికే పని. 2005 ఉపాధి హామీ చట్టం ఖర్చులో కనీసం 60 పాళ్లు కూలికి పోవాలన్నది, కాంట్రాక్టర్లు వద్దన్నది. ఆ పథకం కింద వేసిన ఆస్తుల మరమ్మతును కూడా పనుల జాబితాలో చేర్చారు. అయినా మేము చూసిన ఊళ్లలో నిలవ రోడ్డు బాగుకు మస్టరు పడింది తక్కువ. 2024 అక్టోబరులో 'పల్లె పండుగ' పేరిట ఉపాధి సామగ్రి నిధులతో సిమెంటు రోడ్లు మొదలుపెట్టారు. మేము సిమెంటు రోడ్డు వద్దనడం లేదు. పక్కన కాలువ లేకుండా వేస్తే ఆ నీళ్లు ఎవరి గుమ్మంలోకి పోవాలని అడుగుతున్నాం. కొత్త రోడ్డుకు శిలాఫలకం ఉంటుంది. తూము పూడిక తీసినందుకు ఎవరు వేస్తారు ఫలకం?

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టం చేసింది. పని దినాలు 125 అని రాసి, ఖర్చులో 40 పాళ్లు మనలాంటి రాష్ట్రాల నెత్తిన పెట్టింది. రాష్ట్రం వాటా రాకపోతే రోడ్డూ ఆగుతుంది, కూలీ ఆగుతుంది. రెండూ మనవే.

అందుకే వాన పడ్డాక తిట్టుకోవడం మాని, వేసవిలోనే కదలాలి. వాడవాడా తిరిగి గుంటలు, పూడిన తూములు రాసుకోండి. గ్రామసభకు పదిమంది ఆడకూలీలతో వెళ్లండి. మన వాడ రోడ్డు, దాని కాలువ పనుల జాబితాలో ముందు ఉండాలని తీర్మానం రాయించి, చదివించుకుని, అప్పుడే సంతకం పెట్టండి. పోయినేడు మరమ్మతుకు ఎంత రాశారో లెక్క చూపమనండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డయితే అయిదేళ్లు బాగు చేయాల్సింది వేసిన కాంట్రాక్టరే, వాణ్ణి పిలిపించమనండి.

'నిధుల మేరకు' అని వాళ్లంటారు. ఆ ఉన్న నిధి ముందు ఏ వాడకు పోవాలో తేల్చేది మాత్రం గ్రామసభలో మనం ఎంతమందిమి కూర్చున్నామన్నదే.