మీకు తెలుసా? మాడును సైతం మెచ్చే చేపల అన్నం

గిన్నె అడుగున పట్టిన కరకరలాడే మాడు కోసం మన ఇళ్లలో పిల్లలు పోటీపడతారు. పశ్చిమాఫ్రికాలోని సెనెగల్‌లో పెద్దలూ అంతే! ఆ మాడు వాళ్ల జాతీయ వంటకం చెబుజెన్‌ది. చేప, కూరగాయలు, అన్నం అన్నీ ఒకే గిన్నెలో ఉడుకుతాయి. 2021లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆశ్చర్యమేమిటంటే, ఇందులో సగం సరుకు మనదే అనిపిస్తుంది. బియ్యం బదులు నూకలు వాడతారు. పులుపుకు చింతపండు వేస్తారు. పక్కన గోంగూర, బెండకాయ కలిపిన ముద్ద వడ్డిస్తారు. అందుకే హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం వంటిళ్లలో దీన్ని వండటం కష్టమేమీ కాదు. అక్కడ సముద్రపు చేప వాడతారు. మనకు తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమేను ఉండనే ఉంది, పైగా ముళ్లు తక్కువ.

చేప ముక్కలకు వెల్లుల్లి, మిరపకాయ ముద్ద పట్టించి వేయించి తీయాలి. అదే నూనెలో ఉల్లి, టమాటా మగ్గించి, నీళ్లు పోసి వంకాయ, క్యారెట్, క్యాబేజీ, కర్రపెండలం ఉడికించాలి. చేప ముక్కలనూ అందులో కాసేపు ఉంచి, అన్నీ బయటికి తీసి, మిగిలిన పులుసులో నూకలు వేయాలి.

మాడు పట్టించే అసలు కిటుకు చివర్లో ఉంది. నీరున్నంత సేపు అడుగు వేడి సుమారు 100 డిగ్రీలు దాటదు. నీరింకాకే అది 140 దాటి, మెతుకులు ఎర్రబారి కమ్మటి వాసన పుడుతుంది. కాబట్టి మందపాటి గిన్నె పెట్టండి, మంట బాగా తగ్గించండి, గరిటె మాత్రం పెట్టకండి. నల్లబడితే చేదే.