టీ వద్దంటే చిన్నచూపు చూసినట్టేనా? మన మధ్య మోర్మన్లు

మోర్మన్లంటే చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న, "వాళ్లకి నలుగురు పెళ్లాలుంటారట కదా?" అని.

ఉండరు. జోసెఫ్ స్మిత్ 1830లో అమెరికాలో పెట్టిన ఈ చర్చిలో ఒకప్పుడు బహుభార్యత్వం ఉన్న మాట నిజమే. 1890లో ఆపేస్తున్నామని ప్రకటించారు. ఇప్పుడు ఒక భార్య ఉండగా ఇంకొకరిని చేసుకుంటే సభ్యత్వమే పోతుంది. ఓటీటీల్లో మనం చూసేది ఎక్కువగా విడిపోయిన చిన్న గుంపుల్ని.

ఇదంతా తెల్లవాళ్ల మతం అనుకుంటారు గానీ, మన దగ్గర ఇది చుట్టరికాల మీద పెరిగింది. ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు అనే తెలుగు దంపతులు సమోవా దీవుల్లో ఉండగా ఈ చర్చిలో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాద్ వస్తే, బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. విచిత్రం ఏంటంటే, మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఎల్సీ గారి నాన్న, ఆయన బాప్టిస్టు పాస్టరు! 2012లో దేశంలోనే మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాల కూటమి, హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

అసలు చిక్కు టీ దగ్గర. వాళ్లు టీ, కాఫీ, మందు, సిగరెట్ ముట్టరు. మందు మానేస్తే మనం మెచ్చుకుంటాం. టీ వద్దంటే మాత్రం మొహం మాడిపోతుంది. ఎందుకంటే మన ఊళ్లల్లో ఎవరింట్లో ఎవరు మంచినీళ్లు తాగుతారన్నది కులం లెక్క. దళితుల ఇంట్లో గ్లాసు ముట్టకుండా లేచిపోయినవాళ్లని చూసిన పెద్దవాళ్లకి, "వద్దండి" అన్న మాట ఇంకోలా వినిపిస్తుంది. అందుకే ఊరికే వద్దనకుండా, "మా చర్చిలో టీ తాగమండీ, మజ్జిగ ఉంటే ఇవ్వండి" అని అడిగితే గొడవే లేదు. అడిగి తాగడం కూడా మర్యాదే కదా.

మిగతాదంతా మామూలు జీవితమే. ఆదాయంలో పదో వంతు చర్చికి. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం, ఆ మిగిలిన భోజనం డబ్బు పేదలకి. తెల్లచొక్కా, నేమ్ బ్యాడ్జీతో జంటగా తిరిగే కుర్రాళ్లు రెండేళ్లు జీతం లేకుండా సేవ చేస్తారు. డిగ్రీ మధ్యలో రెండేళ్లంటే మన ఇళ్లల్లో ఎంత రభసో ఊహించుకోండి!

వాళ్లు క్రైస్తవులే కాదని కొందరు పాస్టర్లు అంటారు. త్రిత్వం గురించీ, బైబిలుతో పాటు ఇంకో గ్రంథం గురించీ తేడా నిజంగా పెద్దదే. కానీ ఆ వాదన పాస్టర్లు చేసుకోవాల్సింది. దాని కోసం మేనత్త ఇంట్లో పెళ్లికి పిలుపు ఆపేయడం నాకైతే నచ్చదు.

ఇంకోటి. 2018 నుంచి "మోర్మన్" అని పిలవొద్దని ఆ చర్చే కోరుతోంది. అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. పొడుగే, అయినా ఎదురుగా ఉన్నప్పుడు అలాగే పిలవండి.