కోత పడాల్సింది కంచంలో కాదు

నెల మొదటి వారం వచ్చిందంటే చాలు, ఇల్లాలికి గుండెల్లో దడ మొదలవుతుంది. పచారీ కొట్టు చీటీ, పాల లెక్క, గ్యాసు, కరెంటు బిల్లు... అన్నీ ఒకేసారి గుమ్మంలో నిలబడతాయి. గ్యాసునీ, కరెంటునీ తగ్గించమని బతిమాలలేం కదా! అందుకే ఏ ఇంట్లో ఇబ్బంది వచ్చినా మొదటి వేటు తిండి మీదే పడుతుంది. ఆ వేటు ఎక్కడ వేయాలో తెలియక నేనొక పొరపాటు చేశాను. దాన్ని ఎలా దిద్దుకున్నానో తోటి గృహిణులతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పొదుపే అనుకున్నాను

మాది విజయవాడ. 2024లో మా అబ్బాయి ఇంజనీరింగులో చేరాడు. ఫీజు, హాస్టలు ఖర్చు పోను మావారి జీతంలో చేతికి మిగిలేది బాగా తగ్గిపోయింది. ఇంట్లో నలుగురం. అత్తయ్యగారు, మావారు, నేను, ఇంటర్ చదివే మా అమ్మాయి. తిండి సరుకులకు నెలకు 13,000 అవుతుంటే, 10,000కు దించాలని పంతం పట్టాను.

ఏం చేశానో తెలుసా? పాలు లీటరున్నర నుంచి లీటరు చేశాను. గుడ్లు, పళ్లు మానేశాను. రోజూ ఉండే పప్పు వారానికి రెండుసార్లయింది. ఆకుకూరలు బాగుచేసే ఓపిక లేక వాటినీ పక్కన పెట్టాను. డబ్బు మిగిలినట్టే కనిపించింది. "నాకు పాలు వద్దులే అమ్మా, కడుపు నిండిపోయింది" అని అమ్మాయి అంటే, పోనీలే అనుకున్నాను. మేమిద్దరం డబ్బు గురించి మాట్లాడుకున్న మాటలు అది విని ఉంటుందని నాకు తోచలేదు.

డిసెంబరులో ఒకరోజు కాలేజీలో కళ్లు తిరిగి కూలబడిపోయింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2. ఆ వయసు ఆడపిల్లకు 12కు తగ్గకూడదట. డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాసి, "పిల్ల రోజూ ఏం తింటోందమ్మా?" అని అడిగారు. నా నోట మాట రాలేదు.

నోటుబుక్కు చెప్పిన నిజం

ఆ రాత్రే పాత నోటుబుక్కు తీసి, నెల రోజులపాటు పైసాతో సహా రాయడం మొదలుపెట్టాను. నెలాఖరున కూడితే నాకే నమ్మకం కలగలేదు. బిస్కట్లు, చిప్సు, నూడుల్సు, కూల్‌డ్రింకులు, పాలలో కలిపే పొడి డబ్బా, మసాలా ప్యాకెట్లు, అల్లం వెల్లుల్లి పేస్టు... అన్నీ కలిపి 2,350 రూపాయలు! పాలు తగ్గించిన చేత్తోనే పాలలో కలిపే డబ్బా కొంటున్నాను. చూశారా నా తెలివి!

ఇక నూనె. నెలకు ఆరు లీటర్లు వాడుతున్నాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకు సుమారు 27 గ్రాముల నూనె, నెయ్యి చాలు. నలుగురికి నెలకు లెక్క కడితే మూడుంబావు కిలోలు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. లీటరు నూనె కిలో తూగదు, 910 గ్రాములే ఉంటుంది. మన దేశంలో వాడే నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి రావాల్సిందే. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచగానే మన వంటింట్లో ధర ఎలా ఎగిరిందో మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అలాంటి నూనె మేం దాదాపు రెండింతలు పోస్తున్నామన్నమాట.

ఎక్కడ తగ్గించాను?

ప్యాకెట్లు: ఒక్కసారిగా మానేస్తే ఇంట్లో గొడవే. అందుకని నెలకు 500 అని హద్దు పెట్టాను. సాయంత్రాలు ఉడికించిన వేరుశనగకాయలు, శనగల గుగ్గిళ్లు, మరమరాల్లో ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పెడుతున్నాను. 1,850 మిగిలింది.

నూనె: సీసాతో వంచడం మాని, చెంచాతో కొలిచి పోస్తున్నాను. వేపుడు వారానికి రెండుసార్లే. మిగతా రోజులు కూర, పులుసు, పచ్చడి. వంకాయ, బెండకాయ ముక్కలు మూతపెట్టి సన్నసెగ మీద మగ్గిస్తే సగం నూనె చాలు. 370 దాకా మిగిలింది.

ఇడ్లీపిండి: బయట కొనే పిండి మానేసి, ఆదివారం రాత్రి ఇంట్లోనే రుబ్బుకుంటున్నాను. ఇందులో 450.

పారేసే కూరలు: రైతు బజారులో చవకగా ఉందని సంచి నింపుకుని రావడం, గురువారానికల్లా సగం కుళ్లబెట్టడం నా అలవాటు. ఇప్పుడు వారం వంటలు ముందే చీటీ మీద రాసుకుని, దాని ప్రకారమే కొంటున్నాను. రైతు బజార్లు 1999లో మన రాష్ట్రంలో మొదలయ్యాయి. అక్కడ బోర్డు మీద ఆనాటి ధరలు రాసి ఉంటాయి. ముందు బోర్డు చూడండి, తర్వాతే బేరం. ఆకుకూరలు తేగానే కడగొద్దు. తడి లేకుండా పాత కాటన్ గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వండే ముందు కడగండి. బీరపొట్టు పచ్చడికి, తోటకూర కాడలు పులుసుకు, కొత్తిమీర కాడలు చారుకు పనికొస్తాయి. ఇందులో 400.

అన్నీ కూడితే 3,070 రూపాయలు! కంచంలో ఒక్క మెతుకు తగ్గించకుండానే నా 10,000 లెక్క సరిపోయింది.

ఎక్కడ తగ్గించకూడదు?

పాలు మళ్లీ లీటరున్నర చేశాను. పప్పు రోజూ ఉండాల్సిందే. కందిపప్పు ఖరీదైనప్పుడు పెసలు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు మార్చి మార్చి వండుతున్నాను. వారంలో మూడుసార్లు గుడ్లు. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. అంత చవకగా ఇంకెక్కడ దొరుకుతాయి చెప్పండి!

పళ్లంటే యాపిల్సే అనుకోకండి. మన జామకాయలో సి విటమిన్ కమలాపండులో కన్నా చాలా ఎక్కువ. బాదం పప్పు కొనలేకపోతే వేరుశనగ గుళ్లు, నువ్వులు ఉన్నాయి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది. మా అత్తయ్యగారికి పొద్దున్నే మజ్జిగ కలిపిన రాగిజావ ఇస్తున్నాను. "మా చిన్నప్పుడు తాగిందే కదే ఇది!" అని ఆవిడ ఒకటే మురిసిపోతున్నారు.

ఇంకో మాట. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే తోడుగా నిమ్మరసమో, జామకాయో ఉండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము సరిగా పట్టదు. కనీసం గంట ఆగాలి.

మునగాకు పొడి

నీడన ఆరబెట్టిన మునగాకు రెండు కప్పులు తీసుకుని సన్నసెగ మీద గలగలలాడేలా వేయించి తీయండి. చెంచా నూనెలో శనగపప్పు, మినప్పప్పు, నువ్వులు రెండేసి చెంచాలు, ధనియాలు ఒక చెంచా, జీలకర్ర అరచెంచా, ఎండుమిరపకాయలు ఎనిమిది వేయించుకోండి. చల్లారాక ఉప్పు, ఉసిరికాయంత చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి అన్నీ కలిపి పొడి కొట్టండి. తడి తగలని సీసాలో రెండు వారాలు నిలవ ఉంటుంది. వేడి అన్నంలో, ఇడ్లీల్లో బాగుంటుంది. పెరట్లో మునగచెట్టు ఉన్నవారికి ఆకు ఖర్చూ లేదు.

ఏప్రిల్‌లో మళ్లీ పరీక్ష చేయిస్తే అమ్మాయి హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది. మాత్రలు వాడాం, దానికి తిండి తోడైంది. రక్తం తక్కువైతే తిండితోనే సరిపెట్టుకోకుండా డాక్టరుగారికి చూపించడం మరిచిపోకండి.

చివరగా ఒక మాట చెల్లెళ్లూ! పొదుపు పేరుతో అందరికీ పెట్టి, అడుగూ బొడుగూ మనం తింటే, దాన్ని చూసి మన ఆడపిల్లలూ అదే నేర్చుకుంటారు. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి భోజనానికి నలుగురం ఒకేసారి కూర్చుంటున్నాం. పాలగ్లాసు అమ్మాయికీ ఉంది, నాకూ ఉంది. ఈ నెల మీరూ ఒక నోటుబుక్కు తెరవండి. కోత ఎక్కడ పడాలో అదే చెబుతుంది.