బురుజునకును చిమ్నీకిని పేరు పెట్టిన దెవరు?



భాషలోని మాటలు ఇంటిలోని పాత్రసామగ్రివంటివి. వానిలోఁ గొన్ని పుట్టినింటినుండి వచ్చినవి. కొన్ని అత్తవారింట దొరకినవి. కొన్ని పొఱుగింట బదులు తెచ్చి తిరిగి యిచ్చుట మఱచినవి. నిత్యము వాడుకొనుచుండుటచే ఏది యెచ్చటిదో మనకుఁ దోఁపదు. ఈ నెల మేము ఎత్తైన కట్టడముల పేర్లను మాత్రము తీసికొని, అవి యెక్కడ పుట్టి మన నోటికి వచ్చినవో విచారింపఁ దలఁచితిమి.

"గోపురమును గోపురమందుము, బురుజును బురుజందుము, ఇందు విచారింపవలసిన దేమి?" అని కొంద ఱడుగవచ్చును. కాని పాఠశాలలో 'టవరు' అను మాట నేర్చివచ్చిన బాలికలు, అవ్వ నోటనుండి వెడలిన 'బురుజు' మోటుమాట యని నవ్వుట మేము పలుమాఱులు వినియున్నాము. ఏది మోటు, ఏది నాగరికము అని తీర్పు చెప్పుటకు ముందు ఆ మాటల వంశము తెలిసికొనుట న్యాయము కదా!

మా భీమ్‌గల్ చుట్టుప్రక్కలను, నిజామాబాదు జిల్లాలోని యితర గ్రామములందును గుండ్రని బురుజులు కానవచ్చును. కొన్ని రాతికట్టడములు, కొన్ని రాతి పునాదిపై మట్టితో లేపినవి. దొంగదండు వచ్చుచుండఁగా దూరమునుండియే కనుఁగొని యూరివారిని మేల్కొలుపుటకు అవి పుట్టినవి. నేఁడు వానిపైఁ గావలివాఁడు లేఁడు. కొన్నిటి నెత్తిపై చెట్లు మొలచినవి. కొన్ని కూలి దిబ్బలైనవి. అయినను 'బురుజు దగ్గఱి యిల్లు' అన్నచో ఊరిలో నందఱికిని గుఱుతు తెలియును.

ఈ మాట మనకు పారసీ, ఉర్దూల మూలమున వచ్చినది. పారసీకులకు అరబ్బీనుండి లభించినది. అరబ్బులకో, రోమను సామ్రాజ్యపు తూర్పుదేశములనుండి చేరినదని పండితుల యభిప్రాయము. గ్రీకులు కోటబురుజును 'పుర్గోస్' అనిరి. రోమనుల భాషయగు లాటినునందు చిన్న కావలికోటకు 'బుర్గుస్' అని పేరు. రోమను యుద్ధశాస్త్రమును రచించిన వెగేటియుస్ తన గ్రంథమున దీనిని పేర్కొనెను. చూచితిరా! మన యవ్వ పలికిన 'మోటుమాట' రోమను సైనికులు పలికిన మాటకు చుట్టమే. బడిపిల్ల నేర్చిన 'టవరు'నకు గల పూర్వచరిత్ర దీనికిని గలదు.

బురుజు గుండ్రముగా నుండు టేల యని మీరు ఎన్నఁడైన యోచించితిరా? విట్రూవియుస్ అను రోమను వాస్తుశాస్త్రజ్ఞుఁడు రెండువేల యేండ్లకు పూర్వమే ఇందులకుఁ గారణము చెప్పెను. చదరపు బురుజునకు మూలలుండును. శత్రువులు దూలముతో మోఁదినచో మూల ముందుగా విఱుగును. గుండ్రని దానియందలి రాళ్లు మేకులవలె లోపలివైపునకు బిగిసియుండుటచే దెబ్బ తగిలినకొలఁది మఱింత బిగియును. ఆ పుస్తకమును చూడని మన పల్లె యుప్పరులును ఆ గుండ్రనిరూపమునే యెంచుకొనిరి. విద్య యనునది పుస్తకమునందు మాత్రమే యుండదని దీనివలనఁ దెలియుచున్నది.

బురుజునకు మన భాషలో వేఱుపేరు లేకపోలేదు. 'కొత్తళము' అను చక్కని మాట నిఘంటువులలో నిద్రించుచున్నది. సంస్కృతమున 'అట్టాలకము' కలదు. ఓరుగల్లునందు గణపతిదేవుఁ డారంభింపఁగా రుద్రమదేవి పూర్తిచేయించిన రాతికోటకు 45 బురుజులు కలవు. ఒక స్త్రీ రాజ్యమును కాచిన కోట యది. అట్టి కోటకు సంబంధించిన కొత్తళమను మాటను మనము మఱచుట యుచితము గాదు.

ఇఁక టవరు మాట. లాటినునందు ఎత్తైన బురుజునకు 'తుర్రిస్' అని పేరు. అది ఫ్రెంచివారి నోట 'తూర్' అయి, ఆంగ్లేయుల నోట 'టవర్' అయినది. రోమనులు నగరప్రాకారములపై నిలుపు బురుజులనే గాక, ముట్టడియందు చక్రములపై నడిపించు కొయ్యబురుజులను గూడ తుర్రిస్ అనియే పిలిచిరి. అయితే ఈ మాట రోమనుల స్వార్జితమా? కాదు. గ్రీకుల 'తుర్సిస్' దీనికి మూలము. గ్రీకులకును అది పుట్టింటిసొమ్ము గాదనియు, మధ్యధరా సముద్రతీరమున నుండిన యేదో ప్రాచీనజాతి భాషనుండి వచ్చినదనియు భాషాశాస్త్రజ్ఞులు తలంతురు. కాఁగా, నాగరికతకు మూర్తియని మనము తలఁచు 'టవరు' మూఁడుచేతులు మాఱిన యరువునగ! నేఁడు మన పల్లెలలో అది మఱియొక యర్థమును గూడ ధరించినది. చేతిఫోనునకు సంకేతము అందనప్పుడు మనవారు 'టవరు లేదు' అనుచున్నారు. కట్టడము పేరు కంటికిఁ గానరాని తరంగములకుఁ బేరైనది.

స్త్రీలమగు మనకు ముచ్చటగొలుపు నొక విశేషము కలదు. లాటిను వ్యాకరణమున తుర్రిస్ స్త్రీలింగము. స్తంభమను నర్థముగల 'కొలుమ్నా'యును స్త్రీలింగమే. సంస్కృతమున స్తంభశబ్దము పుంలింగము, గోపురశబ్దము నపుంసకము. ఊఁత యిచ్చి నిలుచుట యను ధర్మము ఒక లింగమునకే చెందినది గాదని శబ్దములును చెప్పుచున్నవి. ఆ కొలుమ్నాయే ఆంగ్లమున మాఱి, పత్రికపుటలోని నిలువువరుసకు 'కాలమ్' అను పేరై మన చేతులకు వచ్చినది.

చూచుటకొఱకు కట్టిన యెత్తైన తావును లాటినువారు 'స్పెకుల' అనిరి. 'చూచు' అను నర్థముగల ధాతువునుండి అది పుట్టినది. అమరకోశము వల్లించిన సోదరీమణులు గూఢచారి పర్యాయములలో 'స్పశ' శబ్దమును చదివియుందురు. ఆ స్పశుఁడును ఈ స్పెకులయు ఒకే ప్రాచీనధాతువు సంతానము. మన పొలములలోని స్పెకుల యేదో తెలియునా? జొన్నచేని మంచె! నాలుగు కఱ్ఱలు పాఁతి, పైన పందిరి వేసి, వడిసెల చేతఁబట్టి పిట్టలను తోలుచు కూర్చుండిన యాఁడుపిల్లల కావలిగోపుర మది. రాజుల బురుజులు చరిత్రకెక్కినవి. మంచె చరిత్రకెక్కలేదు. కాని యింటి గాదెలోనికి గింజలు చేరుట మంచెవలననే.

ఎత్తైన తావునకు వెలుఁగునకును గల సంబంధము మఱియు రమ్యమైనది. మసీదు మీనారును మన మెఱుఁగుదుము. భాగ్యనగరమున 1591వ సంవత్సరమున వెలసిన చార్మీనారును చూడనివారును దానిపేరు విననివారు కారు. మీనారునకు మూలమగు అరబ్బీపదము 'వెలుఁగు నిచ్చు చోటు' అని యర్థమిచ్చును. ఐగుప్తుదేశమున అలెగ్జాండ్రియా రేవునొద్ద 'ఫారోస్' అను ద్వీపము ఉండెను. క్రీస్తునకు పూర్వము మూఁడవ శతాబ్దియందు ఆ ద్వీపముపై నావికులకు దారిచూపుటకై గొప్ప దీపస్తంభమును నిర్మించిరి. ద్వీపము పేరే దీపమునకుఁ బేరైనది. లాటినువారు దీపస్తంభములన్నిటిని 'ఫారుస్' అనిరి. ఆ కట్టడము భూకంపములకు కూలిపోయి ఆఱువందల యేండ్లు దాటినను, ఫ్రెంచివారు నేఁటికిని దీపస్తంభమును 'ఫార్' అనియే పిలుచుచున్నారు. రాయి కూలినది, మాట నిలిచినది.

మనకును ఎత్తున వెలుఁగుంచు నాచారము కలదు గదా! కార్తికమాసమున దేవాలయములలో ధ్వజస్తంభమునకు ఆకాశదీపము నెత్తుదురు. మా భీమ్‌గల్ చెంత లింబాద్రిగుట్టపై వెలసిన లక్ష్మీనరసింహస్వామికిని కార్తికముననే జాతర జరుగును. దీపము ప్రసక్తి వచ్చినది కావున ఇంకొక్క చుట్టఱికమును చెప్పి ముందునకు సాగెదము. తెలంగాణపు టిండ్లలో లాంతరును 'కందీలు' అందుము. కొవ్వొత్తికి లాటినున 'కండేల' అని పేరు. అది గ్రీకులయొద్దకు, అరబ్బులయొద్దకు, పారసీకులయొద్దకు సాగి మన వసారాలో 'కందీలు'గా వ్రేలాడినది. తీరాంధ్రపు సోదరీమణులు పలుకు 'లాంతరు'నకును మూలము లాటినులోని 'లంతెర్న' యే. ఇంకను వింత యేమనఁగా, కండేలకు మూలమగు ధాతువును మన చంద్రశబ్దమునకు మూలమగు ధాతువును ఒక్కటియే యని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. కందీలునకు చంద్రుఁడు చుట్ట మన్నమాట!

గోపురమునుగూర్చి విచారింతము. గోపుర మనఁగా ఎత్తని మనము తలంతుము. కాని అమరకోశమున దానికి పురద్వారమనియే యర్థము. లోనికిఁ బోవు వాకిలియే తొలుత గోపురము; ఎత్తు పిదప వచ్చినది. స్తంభమునకును నట్లే, ఊఁతనిచ్చు, కదలక నిలుచు అను నర్థములు గల ధాతువునుండి అది పుట్టినది. 'ఆశ్చర్యముచే స్తంభించితిని' అనునప్పుడు మన మా ధాతువునే వాడుచున్నాము. గోపురశబ్దము తన ద్వారమును అన్యులకును తెఱచినది. మెదకునందు 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదిని ప్రతిష్ఠితమైన క్రైస్తవ దేవాలయమునకు 175 అడుగుల గంటగోపురము కలదు. కఱవుకాలమున పేదలకుఁ బని కల్పించి, అన్నము పెట్టి కట్టించిన దేవాలయ మది. అచ్చటి శిఖరమును మన ప్రజలు ఏ సంకోచమును లేక 'గోపుర'మనిరి. మంచిమాటకు మతభేదము లేదు.

కట్టకడపట మేము చెప్పఁదలఁచిన కట్టడము బోధనునందలిది. 1937వ సంవత్సరమున స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాఖండమునందే పెద్దదని పేరు గాంచినది. దాని చుట్టును వెలసిన పేటకు శక్కర్‌నగరమని పేరు. చెఱకుబండ్లు బారులు తీరు దినములలో కర్మాగారపు చిమ్నీనుండి పొగ వెడలుటయే ఎన్నో యిండ్లలో పొయ్యి వెలుఁగుటకు గుఱుతుగా నుండెను. 2015వ సంవత్సరాంతమున కర్మాగారము మూతపడినది. కార్మికుల కుటుంబములును, చెఱకునే నమ్ముకొన్న రైతులును పడిన దైన్యము ఈ ప్రాంతపు గృహిణులకు మేము చెప్ప నక్కఱలేదు.

ఆ 'చిమ్నీ' యను మాటకు మూలము లాటినులోని 'కమీనుస్'. అది గ్రీకుల 'కమీనోస్' నుండి వచ్చినది. అర్థ మేమనుకొంటిరి? ఎత్తైన గొట్టము గాదు, కొలిమి, పొయ్యి! ఆంగ్లేయులును తొలుత ఇంటిలోని నిప్పుగూటినే చిమ్నీ యనిరి. పొగ వెడలు గొట్టమున కా పేరు పిదప వచ్చినది. ఆకసము నంటు గొట్టమునకు నేలమీఁది పొయ్యియే పేరు పెట్టినది. మనము లాంతరు గాజునకును చిమ్నీ యనియే వ్యవహరింతుము. అదియు నిప్పును చుట్టియుండునదే గదా.

శక్కరుమాట వినుఁడు. మన సంస్కృతమందలి 'శర్కర' ప్రాకృతమున 'సక్కర' యై, గ్రీకులయొద్దకుఁ బోయి, లాటినున 'సఖరుమ్' అయినది. ప్లీనీ యను రోమను పండితుఁడు హిందూదేశపు చక్కెర శ్రేష్ఠమనియు, అది యౌషధమునకు మాత్రమే వాడఁబడుననియు వ్రాసెను. కాఁబట్టి లాటిను మనకు చిమ్నీ నిచ్చిన, మనము లాటినునకు శర్కర నిచ్చితిమి. ఇచ్చిపుచ్చుకొనుటయందు మనము తక్కువవారము గాము.

ఈ విచారమంతయు మనకుఁ దెలుపునది యిది. మాట యరువు తెచ్చుకొనుట అవమానము గాదు. రోమనులంతటివారును గ్రీకులయొద్ద అరువు తెచ్చుకొనిరి. అరువుమాట ముందు ఇంటిమాట తక్కువదని తలఁచుటయే యవమానము. మఱియు, ఎత్తైన వస్తువునకు పేరు పెట్టినవారు ఎత్తున నున్నవారు గారు. క్రింద నిలిచి దానివలన కావలి, వెలుఁగు, ద్వారము, ఊఁత, అన్నము కోరినవారు. అందుచేతనే మీనారునకు వెలుఁగును, గోపురమునకు వాకిలియు, స్తంభమునకు ఊఁతయు, చిమ్నీకి పొయ్యియు పేర్లిచ్చినవి. పొయ్యి చల్లాఱినచో ఎంతటి చిమ్నీయైనను వట్టి యిటుకలదొంతర యని బోధను మనకు నేర్పినది.

సోదరీమణులు చేయఁదగిన స్వల్పకార్యము కలదు. పిల్లలతో ఊరికిఁ బోవునప్పుడు బురుజు కనఁబడిన నిలిపి చూపుఁడు; గుండ్రముగా నుండు టేల యని వారినే యడుగుఁడు. మంచె యెక్కి పిట్టలు తోలిన యవ్వలు ఇంకను మన యిండ్లలో నున్నారు. మంచె భాగములకును, వడిసెలకును, కోటగోడకును వారు వాడిన మాటలను అడిగి, పద్దుపుస్తకపు చివరిపుటలలోనైనను వ్రాసియుంచుఁడు. కూలిన బురుజును లేపుట మన చేతిలో లేకపోవచ్చును. దాని పేరును, ఆ పేరు నడచివచ్చిన దారిని బిడ్డల కప్పగించుట మాత్రము ముమ్మాటికిని మన చేతిలోని పనియే.