మంద్రధ్వని పెట్టెల కూర్పు

జాతరలలో వేదికకు ఇరుప్రక్కల సబ్‌ఊఫర్లను పెద్ద పెట్టెలు నిలుపుట మీరెఱిగినదే. డోలు మొదలగు వాద్యముల మంద్రధ్వనిని వినిపించుట వీని పని. వెనుక కూర్చున్నవారు వినబడలేదనగానే మరి రెండు పెట్టెలు బాడుగకు తెప్పింతుము. దోషము తఱచుగా పెట్టెల కొఱతలో గాక కూర్పులో నుండును.

సెకనుకు 50 కంపనములుగల ధ్వనితరంగము గాలిలో సుమారు 7 మీటర్ల పొడవుండును. పెట్టెలు రెండు ప్రక్కల నున్నచో, వాని తరంగములు సభ నడుమ ఒక్కమాఱే చేరి బలముగ మ్రోగును. ఒక ప్రక్క దూరము రెండవదానికంటె మూడున్నర మీటర్లు అధికమైన తావున, ఒకదాని నొకటి అణచుకొనును. అచ్చటివారికై ధ్వని హెచ్చించినచో నడుమనున్న పసిపిల్లల చెవులకు హాని కలుగును.

కావున పెట్టెలన్నిటిని వేదిక ముందు నేలపై, ఒకదాని నొకటి అంటునట్లు, ఒక్కచోట పేర్పింపుడు. ఒక పెట్టెకు అట్టిదే మఱియొకటి చేర్చినచో ధ్వని సుమారు 6 డెసిబెళ్ళు పెరుగును, నేలయు తోడ్పడును. అన్నియు ఒకే తీరువి కావలెను. ఒక్కదాని తీగలు తాఱుమాఱైనను, తక్కినవి గాలిని ముందుకు త్రోయునపుడు అది వెనుకకు లాగును.

రెండు వరుసలకు మించి ఎత్తు పేర్పనీయకుడు. మ్రోతకు పెట్టె కొంచెము కొంచెముగా జరుగును. పట్టీలతో బిగింపక విడిచినచో క్రింద పడవచ్చును. ముందు త్రాడు కట్టించి పిల్లలను దూరముగ కూర్చుండబెట్టుడు. ఆట మొదలుకాకమునుపే సభయంతయు నడచి, ప్రతి తావున నిలిచి విని, పిదప బాడుగ మాట నిశ్చయింపుడు.